నలభై పెట్టెలకు శ్రీకారం

విఘ్నములను కల్పించువాడును వానిని తొలగించువాడును తానొక్కడే యగుటచే ఎవరికిని పైమొర పెట్టుకొనుటకు వీలులేకుండ చేసిన ఏనుగుమోముసామికి మొదట మ్రొక్కి, పిమ్మట అక్షరముల తల్లికి, ఆమె యక్షరములను తగనిచోట వాడిన తప్పునకు క్షమాపణతో కూడిన మరియొక మ్రొక్కు సమర్పించి, ఆశ్వయుజ బహుళ విదియ, సోమవారము ఉదయమున, కోయంబత్తూరు పీలమేడులోని మా యింటి వసారాలో కూర్చుండి ఈ కొన్ని పుటలు వ్రాయుచున్నాను.

మ్రొక్కులు ముగిసినవి గనుక ఇక పదిమందికీ తెలిసే భాషలోకి దిగుతాను.

మా పూర్వులు కొన్ని వందల ఏండ్ల క్రిందట తెలుగునేలను విడిచి ఈ సీమకు వచ్చారు. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం, ఉద్యోగంలో ఇంగ్లీషు, ఇదీ మా వాడుక. వీధి తమిళం ఇంట్లోకీ వస్తుంది; 'నిజంగానే' అనవలసినచోట 'నిజంగా దా' అంటాము, 'అవును'కు 'ఆమా' అంటాము. మాట నిలిచింది గాని లిపి నిలవలేదు. మా సంఘంలో ఉన్న నలభై ఇళ్ళలో తెలుగు అక్షరాలు చదవగలవారు నాతో కలిపి ఆరుగురు. తక్కినవారు తెలుగు మాటలను తమిళ అక్షరాలలో వ్రాసుకొంటారు, చదువుకొంటారు, అవసరమైతే ఆ అక్షరాలలోనే పోట్లాడుకొంటారు. నేను ఒక కళాశాలలో ముప్పై ఏండ్లు తెలుగు చెప్పి విశ్రాంతి పుచ్చుకొన్నవాడిని. వేరే యోగ్యత ఏదీ కనబడకపోయినా ఆ ఒక్క కారణాన నన్ను సంఘానికి అధ్యక్షుణ్ణి చేశారు.

సంఘం కార్యాలయంలో ఒక సర్వర్ ఉన్నది. పేరు విని పెద్దగా ఊహించుకోనక్కరలేదు. ఒక మిల్లువారు పాతదైపోయిందని తీసివేసిన కంప్యూటర్ అది. మన ఇళ్ళ ఉత్తరాలు ఎవరో పరాయివారి యంత్రాలలో ఎందుకు పడి ఉండాలని ఒక సమావేశంలో పెద్దలు పట్టుబట్టగా, దానిలో లినక్స్ అనే వ్యవస్థను నెలకొల్పి, ఇంటికొకటి చొప్పున నలభై ఈమెయిల్ పెట్టెలు, మా కుటుంబంలో మాత్రం ఆడవారి పట్టుదల వల్ల వారి పేర్లమీదనే, ఏర్పాటు చేసి ఇచ్చినది మా వియ్యపురాలు. ఆమె మా అమ్మాయికి అత్తగారు. ఊరు మదురై. అక్కడి ఇంజనీరింగు కళాశాలలో కంప్యూటర్ల విభాగాన్ని ఏళ్ళ తరబడి నడిపి, పిల్లలను, అధ్యాపకులను సమానంగా వణికించి, విశ్రాంతి తీసుకొన్నది. నన్ను అన్నా అని పిలుస్తుంది. ఆ పిలుపులో గౌరవమూ ఉంటుంది, పరీక్షలో తప్పినవాడిని పిలిచే స్వరమూ ఉంటుంది.

ఆ యంత్రంలో రూట్ అనే పేరున ఒక సర్వాధికారి ఉంటాడట. అతడు చేయరాని పని లేదు, అతనికి అడ్డుచెప్పే దిక్కు లేదు. ఆ అధికారి రహస్యపదాన్ని ఒక కవరులో పెట్టి, అతికించి, అధ్యక్షుణ్ణి గనుక నా చేతికిస్తూ ఆమె అన్నది:

"అన్నా, ఇది నిప్పు అంటుకున్నప్పుడు పగలగొట్టే అద్దం మాదిరి. ఊరికే ముట్టకూడదు."

"నిప్పు అంటుకోకపోతేనో?"

"అంటుకోకపోతే మంచిదే గదా. బీరువా పైన పెట్టి మరిచిపోండి."

మూడేండ్లు విధేయంగా మరిచిపోయాను. నేను అడిగితే ఓపికతో నాలుగైదు ఆజ్ఞలు కూడా నేర్పింది: దస్త్రాన్ని చూడడం, నకలు తీయడం, పాతదాన్ని తీసి కొత్తదాన్ని ఆ చోట పెట్టడం, యంత్రం తన దినచర్యను వ్రాసుకొనే లాగ్ అనే పుస్తకాన్ని చదవడం. వాటిని ఒక నోటుబుక్కులో చక్కని దస్తూరీతో వ్రాసుకొన్నాను. విద్య ఊరక పోదంటారు. పోలేదు.

ఈ సంవత్సరం ఆశ్వయుజ శుద్ధ నవమి ఆదివారం వచ్చింది. ఆయుధపూజ. ఆనాడు పీలమేడులో చక్రమున్న ప్రతిదానికీ పూలదండ పడుతుంది. బస్సులు, మోపెడ్లు, లేతు యంత్రాలు, పిండిమిల్లులు అన్నీ గంధం పూసుకొని పెండ్లికొడుకులవలె నిలబడతాయి. వీధివీధినా బూడిదగుమ్మడికాయలు పగులుతాయి. ఆనాడు ఇళ్ళలో పుస్తకాలను పూజలో పెట్టి దశమినాటి ఉదయందాకా ఎవరూ ఏమీ చదవరు. మా వాళ్ళు ఆ నియమాన్ని ఈమెయిలుకు కూడా పొడిగించారు.

నేను సంఘం కార్యాలయానికి వెళ్ళి సర్వరుకు గంధం, కుంకుమ పెట్టాను. బొరుగులు, శనగలు నైవేద్యం చేశాను. కర్పూరం ఆరిపోయిన తరువాత ఒక ఆలోచన వచ్చింది. పై డబ్బాకు కుంకుమ పెట్టాము సరే, లోపలి పుస్తకాల మాటేమిటి?

ఈ సీమలో తలమీద మంగళాక్షరం లేకుండా ఎవరూ ఏదీ వ్రాయరు. మా తమిళ పొరుగువారు కిరాణాచీటీకి కూడా పైన పిళ్ళయారు చుట్ట, అంటే వినాయకుని గుర్తు, చుట్టి, దాని క్రింద కందిపప్పు అని వ్రాస్తారు. మా తండ్రిగారు శ్రీకారం లేని కాగితాన్ని తాకేవారు కారు. ఇక ఆ యంత్రంలో ఒక్కొక్క పెట్టె అంటే ఒక్కొక్క పొడుగాటి పుస్తకమే. వచ్చిన ఉత్తరం వచ్చినట్టు ఒకదాని క్రింద ఒకటి వ్రాయబడి ఉంటుందని వియ్యపురాలు నేర్పినదే. నలభై పుస్తకాలు, ఒక్కదానికీ నెత్తిన శ్రీకారం లేదు. మూడేండ్లుగా మా వారి ఉత్తరాలన్నీ బోడినెత్తిన పడి ఉన్నవి.

ఇంటికి వెళ్ళి బీరువా పైనుండి కవరు తెచ్చాను. నిప్పు అంటుకోలేదని నాకు తెలుసు. కాని మంగళకార్యానికి వాడితే దోషమేమిటని సమాధానం చెప్పుకొన్నాను.

చిన్నతనంలో తాళపత్రాల నుండి కాగితానికి ఎత్తివ్రాసే పని కొంతకాలం చేశాను. ఆ పద్ధతే ఇక్కడా పాటించాను. ఒక్కొక్క పెట్టెకు కొత్త నకలు తీశాను. దాని మొదటి పంక్తిలో శ్రీకారం చుట్టాను. పాత పుస్తకాన్ని తీసివేసి కొత్తదాన్ని ఆ చోట పెట్టాను. రెండున్నర గంటలు పట్టింది. వట్టి శ్రీకారంతో ఎందుకు ఊరుకోవాలని కొన్ని ఇళ్ళకు ఆశీర్వచనం కూడా చేర్చాను. అడకతోట, అంటే వక్కతోట, ఉన్న మేట్టుపాళయం వారికి ఫలసమృద్ధి కోరాను. నా భార్య పెట్టెకు ఒక తేటగీతి వ్రాశాను, నాలుగు పాదాలు, యతి ఎక్కడా తప్పలేదు. చివరి పెట్టె తిరుప్పూరులో ఉన్న మా తమ్ముని భార్యది. అప్పటికి ఆకలి వేస్తున్నది గనుక శ్రీకారంతో సరిపెట్టాను.

ఎంతో తృప్తితో ఇంటికి వచ్చి రెండు మారులు పాయసం పోయించుకొన్నాను.

ఇక్కడ నా భార్య సంగతి చెప్పాలి. మదురైలో ఒక మహిళా సమితి వారు, పాత తెలుగు కుటుంబాల వంటలను పదిమంది ఎదుట వండించే ఒక పోటీ ఏర్పాటు చేశారు. ఒక్కొక్క ఇంటిపేరుకు ఒక్కటే పొయ్యి. మా ఇంటిపేరున ఇద్దరు దరఖాస్తు పెట్టారు: నా భార్య, మా తమ్ముని భార్య. ఇద్దరూ వండదలచినది ఒకటే, మా అమ్మగారి ఉలవకట్టు. ఉడికిన ఉలవల నీటిని వంచి, గంటలకొద్దీ మరిగించి చేసే చారు అది. మా అమ్మ దాన్ని ఇద్దరు కోడళ్ళకూ నేర్పింది. అయితే విడివిడిగా నేర్పింది. పెద్దకోడలికి బెల్లం ముక్క వేయమన్నది, చిన్నకోడలికి వేయవద్దన్నది. ఎందుకట్లా చెప్పిందో అడగడానికి ఇప్పుడు ఆమె లేదు. అందుచేత అసలైన కట్టు ఎవరిదనే వ్యాజ్యం మా ఇంట ఇంకా నడుస్తున్నది.

నా భార్య నలభై నాలుగేండ్లుగా ఆ కట్టు కాస్తున్నది. తిన్న ప్రతివాడూ నా వైపు తిరిగి 'మీ ఇంటి ఉలవకట్టు' అని మెచ్చుకొంటాడు. నేను తల ఊపుతాను. తన పేరు చెప్పి తన చేతి గరిటెను చూడడానికి నలుగురు కూర్చోవాలని ఆమెకు ఒక కోరిక ఉన్నదని నాకు ఆ నలభై నాలుగేండ్లలో తోచలేదు.

సమితి వారి నియమాలు ఇవి. ఉత్తరం ఈమెయిలులో నవమినాటికి వస్తుంది. అందులో ఒక వరుస సంఖ్య ఉంటుంది. ఏకాదశి సాయంత్రం ఆరు గంటలలోపు ఆ సంఖ్య వేసి, ఈమెయిలులోనే జవాబు వ్రాయాలి. ఒకే ఇంటిపేరువారు ఇద్దరు వ్రాస్తే ఎవరి జవాబు ముందు అందితే వారిదే పొయ్యి. ఇద్దరు తోడికోడళ్ళూ సంఘం సర్వరులోని తమ పెట్టెల చిరునామాలే ఇచ్చి ఉన్నారు.

దశమి ఉదయం స్నానం, పూజ ముగించి నా భార్య తన టాబ్లెట్టు ఒడిలో పెట్టుకొన్నది. కొంతసేపు దాన్ని చూసి, తరువాత నన్ను చూసింది.

"పెట్టె తెరవడానికి అనుమతి లేదంటాది ఇది. నా పెట్టెకు నాకు అనుమతి ఏంటికి?"

"పండుగ కదా, యంత్రం కూడా అలసి ఉంటుంది."

"నిన్న దా కుంకుమ పెట్టి బొరుగులు తినిపించినారు. అలసట ఏంటికి?"

అంతలో ఫోన్లు మొదలైనవి. మేట్టుపాళయం నుండి అడక వ్యాపారి మాట్లాడాడు. పంతుళ్ళను ఇక్కడ వాద్యారు అంటారు. "వాద్యారే, నా పెట్టె మూసుకుపోయినాది. మూడేండ్ల ఉత్తరాలు ఉండాయి దాంట్లో." తరువాత మరి ఆరుగురు. అందరికీ గంభీరంగా, పరిశీలిస్తున్నామని చెప్పాను. తిరుప్పూరు ఫోను నా భార్యకు వచ్చింది. మా వసారాలో వినబడేంత గొంతు మా మరదలిది.

"అక్కా, నీకు ఉత్తరం వచ్చిందా?"

"లేదు. నీకు?"

"నాకూ లేదు."

"నిజంగానా?"

"నిజంగా దా. నీకు నిజంగా రాలేదా?"

"రాలేదంటే రాలేదు."

ఫోను పెట్టివేసి నా భార్య, "దానికి వచ్చినాది. దాస్తాది," అన్నది. తిరుప్పూరులో అదే క్షణాన అదే మాట అన్నారని తరువాత తెలిసింది.

నా భార్య సమితి వారికి ఫోను చేసింది. ఉత్తరం నవమి తెల్లవారుజామునే పంపామనీ, సంఖ్య ఫోనులో చెప్పడం నియమం కాదనీ, కావాలంటే ఇంకొకసారి పంపుతామనీ వారు అన్నారు. ఇంకొకసారి పంపారు. అదీ రాలేదు.

నేను ఏదో పని ఉన్నదని కార్యాలయానికి వెళ్ళి, నోటుబుక్కు తెరిచి, యంత్రం దినచర్య చదివాను. పంక్తి పంక్తికీ ఒకటే ఫిర్యాదు: అనుమతి లేదు, అనుమతి లేదు. సరే, అనుమతే కదా కావలసినది, అధ్యక్షుడి దగ్గర దానికి కొదువా అనుకొని, అనుమతులిచ్చే ఆజ్ఞను ఎక్కడో వెతికి పట్టుకొని, నలభై పెట్టెలకూ ఎవరైనా చదవవచ్చు, ఎవరైనా వ్రాయవచ్చు, ఎవరైనా ఏమైనా చేయవచ్చు అని ఉదారంగా ఇచ్చివేశాను. పట్టాభిషేకంనాడు చెరసాలలు తెరిపించిన రాజు వలె ఇంటికి నడిచి వచ్చాను.

"ఇప్పుడు చూడు," అన్నాను.

నా భార్య చూసింది. "పొద్దున అనుమతి లేదన్నాది. ఇప్పుడు ఇది పెట్టే కాదంటాది."

"పెట్టె కాకపోతే మరేమిటట?"

"అది చెప్పలేదు. మీరు ఏమి చేసినారు?"

"ఏమీ లేదు."

"ఏమీ లేదంటే ఏదో ఉండాది." అంతటితో ఆమె మాట్లాడడం మానివేసింది.

మా వియ్యపురాలు ఆ సమయంలో మూడు వీధుల అవతల, మా అమ్మాయి ఇంట్లోనే ఉన్నది. బొమ్మల కొలువు చూడడానికి మదురై నుండి వచ్చింది. పిలిస్తే పది నిమిషాలలో వస్తుంది. నేను పిలవలేదు. ఎందుకు పిలవలేదో వ్రాయనక్కరలేదు.

ఏకాదశి మంగళవారం. నాకు ఉపవాసం. నా భార్య నాకు వినబడేటట్టు వంటింట్లో ఉల్లిగడ్డ వడలు వేయించింది. పదిన్నరకు ఫోను తీసి నా ఎదుటనే, "వదినా, ఒకసారి మీరు రావాల. ఈయన ఏదో చేసిడిసినారు, చెప్పరు," అన్నది. ఆమె వచ్చి, ఆడవారి భోజనాలు ముగిశాక, మధ్యాహ్నం ఒంటిగంటకు మేము ముగ్గురం ఆటోలో సంఘం కార్యాలయానికి వెళ్ళాము. ఇద్దరు ఆడవారు లోపల కూర్చున్నారు. నేను డ్రైవరు పక్కన.

వియ్యపురాలు కళ్ళజోడు మార్చుకొని సర్వరు ముందు కూర్చున్నది. డబ్బాపై గంధాన్ని చూసింది. గాలి పోయే రంధ్రాలను మూసిన కుంకుమను మాత్రం చీర కొంగుతో తుడిచింది. ఏదో ఆజ్ఞ ఇచ్చింది. తెరమీద పెట్టెల పట్టిక వచ్చింది. ఆమె దాన్ని మెల్లగా పైనుండి క్రిందికి చదివింది.

"అన్నా."

"చెప్పమ్మా."

"ఊరందరి పెట్టెలూ ఒకరి పేరు మీదనే ఉండాయి. రూటు పేరు మీద."

"అదెట్లా జరిగిందో..."

"రూటు అంటే కవరు. కవరు అంటే మీరు." ఆమె నా భార్య వైపు తిరిగింది. "వదినా, నలభై ఇళ్ళ పెట్టెలూ మీ ఆయన పేరుకు రాయించుకొనుండారు."

"ఈయన పేరు మీద ఇంట్లో ఒక గిన్నె లేదు వదినా. ఊరి పెట్టెలు ఎట్ల వచ్చినాయి?"

ఆమె నాకు అర్థమయ్యేటట్టు చెప్పింది. రూటు చేసిన నకలు రూటు సొత్తే అవుతుంది. అసలును తీసి నకలును పెట్టినప్పుడే పెట్టె యజమాని మారిపోయాడు. ఉత్తరాలు వేసే ప్రోగ్రాము పాతకాలపు టపాబంట్రోతు వంటిది. ఉత్తరం ఎవరికో పెట్టె వారిదై ఉంటేనే వేస్తుంది. పెట్టె మరొకరి పేర ఉంటే, తలుపులు బార్లా తెరిచి రమ్మన్నా లోపలికి రాదు. రెండు రోజులుగా వచ్చిన ఉత్తరాలన్నీ సంచిలో పెట్టుకొని గుమ్మం బయట నిలబడి ఉన్నది.

"అంటే ఏవీ పోలేదు కదా?" అన్నాను.

"పోలేదు. మీరు ఇచ్చిన ఉదారానికి ఎవరైనా తుడిచిపెట్టి ఉండేవాళ్ళు. మనవాళ్ళకు అంత కంప్యూటర్ రాదు, దేవుడు ఉండాడు."

పెట్టెలను ఎవరివి వారికి తిరిగి వ్రాసి ఇవ్వడానికి ఆమె సిద్ధపడుతుండగా నేను కొంచెం ముందుకు వంగి, గొంతు తగ్గించాను.

"అమ్మా, ముందు మా ఇంటి పెట్టె ఒక్కటి చూస్తే, తక్కినవి సావకాశంగా..."

ఆమె చేయి ఆగింది. "తిరుప్పూరు పెట్టె కడాన పెట్టమంటారా?"

"నేను అట్లా అనలేదు."

"అనకుండానే దా అన్నారు. నా సర్వరులో వరుస లేదు అన్నా. నలభైకీ ఒకటే ఆజ్ఞ." ఒక్క పంక్తి వ్రాసి మీట నొక్కింది. నలభై పెట్టెలూ ఎవరివి వారివైనవి. నేను పంచిపెట్టిన అనుమతులు కూడా వెనక్కు పోయినవి. బయట నిలబడిన టపాబంట్రోతును లోపలికి పిలిచింది. సంచి ఖాళీ అయింది.

నా భార్య టాబ్లెట్టు తెరిచింది. "ఇంకా పెట్టె కాదనే అంటాది వదినా."

వియ్యపురాలు కనుబొమలు ముడిపడినవి. ఆమె దినచర్య మళ్ళీ చదివింది. ఏవో రెండు మూడు ఆజ్ఞలు ఇచ్చింది. గోడమీద గడియారం రెండున్నర చూపుతున్నది. అప్పుడు చెప్పివేయవలసినవాడిని. కాని ఆ తేటగీతిని ఆమె చదువుతుందేమోనన్న బిడియం అడ్డుపడింది.

ఆమె నా భార్య పెట్టెనే నేరుగా తెరిచి, మొదటి పంక్తులను తెరమీదికి రప్పించింది. ఆమెకు తెలుగు అక్షరాలు రావు. నా భార్యకూ రావు. ఇద్దరూ తెరను చూసి, తరువాత నన్ను చూశారు.

"ఇది ఏమి రాత?" అన్నది నా భార్య.

"శ్రీ," అన్నాను. "మంగళాక్షరం. నవమి కదా."

"దాని కింద నాలుగు వరుసలు ఉండాయి."

"పద్యం."

"ఎవరి మీద?"

వియ్యపురాలు గబగబా తక్కిన పెట్టెల మొదళ్ళు చూసింది. అన్నింటా శ్రీకారం, కొన్నింటా ఆశీర్వచనం. తరువాత కుర్చీలో వెనక్కు వాలి, ఎంతోసేపు నవ్వింది. కళ్ళజోడు తీసి తుడుచుకొని మళ్ళీ నవ్వింది.

"అన్నా, ముప్పై ఏండ్లు ఎంతమందో పిల్లల తప్పులు దిద్దినాను. ఇట్ల భక్తితో ఎవరూ సర్వరు చెడపలేదు." తరువాత సంగతి వివరించింది. ఉత్తరాలు చూపే ప్రోగ్రాము పుస్తకంలో మొట్టమొదటి మాట ఒక్కటే చూస్తుంది. అది ఫ్రమ్ అనే ఇంగ్లీషు మాట అయితే అది పెట్టె. కాకపోతే ఏదో వేరే గ్రంథమనుకొని తాళం వేస్తుంది. "దానికి శ్రీ అంటే తెల్దు. లక్ష్మీదేవి వచ్చి ఎదురుగా నిలబడినా, ఫ్రమ్ ఎక్కడ అనే దా అడుగుతుంది."

వెంటనే ఆమె చేసిన మొదటి పని రూటు రహస్యపదాన్ని మార్చడం. కొత్తదాన్ని కాగితం ముక్కమీద వ్రాసి, మడిచి, నా భార్యకు ఇచ్చింది. నా భార్య దాన్ని తాళాలగుత్తి ఉన్న చిన్న సంచిలో వేసుకొన్నది. రెండవ పని, నలభై పుస్తకాలకూ నెత్తిమీది వ్రాతను తీసివేయడం. ముందు అన్నింటికీ జాగ్రత్తగా, యజమానులు మారకుండా ప్రతులు తీసిపెట్టింది. నా భార్య పెట్టె దగ్గరికి వచ్చేసరికి అడిగింది.

"వదినా, పద్యం తీసేయాల. నాలుగు వరుసలూ. సరేనా?"

నా భార్య ఆ అక్షరాలను కొంతసేపు చూసింది. నాకు కొంచెం ఆశ కలిగింది.

"తీయండి వదినా. ఆలోచన ఏంటికి?"

మూడు గంటల ఐదు నిమిషాలకు పెట్టె తెరుచుకొన్నది. సమితి ఉత్తరం నవమిది ఒకటి, దశమిది ఒకటి, రెండూ ఉన్నవి. వరుస సంఖ్య పదిహేడు. నా భార్య చూపుడువేలు జవాబు గుర్తుమీద పెట్టింది. పెట్టి, గడియారం చూసింది. చేయి వెనక్కు తీసుకొన్నది.

"రాహుకాలం."

మంగళవారం మూడింటి నుండి నాలుగున్నర వరకు. పది నిమిషాలు ముందు తెరుచుకొని ఉంటే పని అయిపోయేది. ఆ పది నిమిషాలు పద్యానికి పట్టినవే.

"తిరుప్పూరు వాళ్ళకు ఇంకా తెలియదు," అన్నాను. "పెట్టెలు బాగైన సంగతి నలభై ఇళ్ళకూ నాలుగున్నర దాటిన తరువాత చెబితే..."

వియ్యపురాలు నోరు తెరిచేలోపు నా భార్యే అన్నది: "అట్ల గెలిస్తే ఆ కట్టు నాకు గొంతు దిగుతుందా?" ఫోను తీసింది.

"ఏమే, నీ పెట్టె తెరుచుకున్నాది. చూసుకో."

తిరుప్పూరు గొంతు: "చూసినా అక్కా. పద్దెనిమిది."

"నాది పదిహేడు."

"ఇప్పుడే పంపుతావా?"

"రాహుకాలం గదా."

"ఆమా, రాహుకాలం దా. నేనూ పంపను."

"సరి. నాలుగున్నరకు ఎవరిది ముందు పోతే వాళ్ళది."

"సరి అక్కా. గడియారం సరిగా ఉండాదా మీ ఇంట్లో?"

"నేను సర్వరు ముందరనే ఉండా. నువ్వు చూసుకో నీ గడియారం."

ఆ ఎనభై ఐదు నిమిషాలను వృథాగా పోనీయకూడదని నేను జవాబు రచించడానికి కూర్చున్నాను. తప్పు దిద్దుకొనే అవకాశం అంతకంటె మంచిది దొరకదు. సమితివారికి సంబోధన, వారి ఉద్యమానికి ప్రశంస, మదురై నగరానికి ఒక వర్ణన, ఉలవల ప్రాశస్త్యం, మా కుటుంబపు పూర్వచరిత్ర సంక్షిప్తంగా, ఆపైన విషయం. నాలుగూ పావుకు రెండవ పుట చివరన ఉలవలదాకా వచ్చాను. వియ్యపురాలు ఒక పుట చేతిలోకి తీసుకొని, చదవలేక, "ఇందులో పదిహేడు యాడ ఉండాది?" అని అడిగింది.

"మూడవ పుటలో వస్తుంది."

"మూడవ పుట యాడ ఉండాది?"

"వస్తున్నది."

నాలుగున్నర కాగానే నా భార్య నా కాగితాల వైపు తల కూడా తిప్పలేదు. తమిళ అక్షరాలలో, తెలుగు మాటలలో, ఒకే వేలితో వ్రాసింది: "పదిహేడు. వస్తాను." మీట నొక్కింది. వియ్యపురాలు లాగ్ చూసి, ఉత్తరం పెట్టె దాటిందనీ, మదురై సర్వరు అందుకొన్నదనీ చెప్పింది. రెండవ పుటలో చివరి వాక్యాన్ని నేను ఇంకా ముగించలేదు.

తరువాత ముగ్గురం తిరుప్పూరు పెట్టె కోసం లాగ్‌ను చూస్తూ కూర్చున్నాము. నాలుగూ ముప్పై ఐదు. ఏమీ కదలలేదు. నాలుగూ ముప్పావు. లేదు. నా భార్య ముఖంలో గెలిచిన సంతోషం పోయి కలవరం కనబడింది. "దానికి ఒళ్ళు బాగుండాదో లేదో," అన్నది. ఐదూ పదికి తిరుప్పూరు జవాబు కదిలింది. వెంటనే ఫోను మోగింది.

"అక్కా, నువ్వు పంపినావా?"

"నాలుగున్నరకే. నువ్వు ఏమి చేస్తా ఉంటివి ఇంతసేపు?"

"మీ మరిది రాస్తా ఉండినారు. నేను చెప్పినా, సంఖ్య వేసి పంపండి అని. అన్నగారు పండితులు, మనం బోడిగా రాస్తే మర్యాద కాదు అని మదురైని వర్ణించినారు. వైగై నది దగ్గర అరగంట ఉండిపోయినారు."

మా తమ్ముడు బనియన్ల కార్ఖానా నడుపుతాడు. నదులను వర్ణించగలడని నాకు తెలియదు. నేను నా కాగితాలు తీసి చూసుకొన్నాను. మదురై వర్ణనను నేను కూడా వైగైతోనే మొదలుపెట్టి ఉన్నాను.

"ఇక్కడ కూడా అదే కథ దా," అన్నది నా భార్య. "రెండు పుటలు. నేను చూడలేదు."

"నువ్వు చూడలేదు, గెలిచినావు. నేను కూర్చొని విన్నా అక్కా." మరదలు అన్నది: "పొయ్యి నీది దా. నేను వచ్చి చూడవచ్చునా?"

"చూడనీకి ఏంటికి రావాల? ఉలవలు ఏరనీకి రా."

కార్యాలయానికి తాళం వేసి ముగ్గురం ఆటో కోసం నిలబడ్డాము. వియ్యపురాలు, పద్యం ప్రతి తన దగ్గర ఉన్నదనీ, కావలసినప్పుడు పంపుతాననీ నా భార్యతో చెప్పింది. ఎవరైనా చదివి వినిపించేవారు దొరికితే చూద్దామని నా భార్య అన్నది. నేను పక్కనే ఉన్నాను.

ఈ నాలుగు మాటలు తరువాత చేర్చినవి. కార్తీక శుద్ధ సప్తమి, ఆదివారం. మదురైలో నా భార్య తన పేరున ఇచ్చిన పొయ్యిమీద ఉలవకట్టు కాచింది. మొత్తం తొమ్మిదిమంది వండారు. ఆమెకు మూడవ స్థానం వచ్చింది. గిన్నె ముప్పావుగంటలో ఖాళీ అయింది. మరదలు, వియ్యపురాలు, నేను ముందువరుసలో కూర్చొన్నాము. సాయంత్రపు రైలుకు కోయంబత్తూరు తిరిగి వచ్చాము.